గుర్రపుడెక్క మీద జోకేస్తే గుర్రపుడెక్క పోతుందా?

ప్రశ్న: మాస్టారూ, మాది కోనసీమలో అమలాపురం దగ్గర ఒక పల్లెటూరండి. మేం ఐదారుగురం కుర్రాళ్లం కలిసి రెండేళ్లుగా నెలకోసారి నాలుగు పేజీల పత్రిక వేసి ఊళ్లో పంచుతున్నాం. చివరి పేజీ నాది. మా ఊరి డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క, తూడు. సార్వా (ఖరీఫ్) ఊడ్పులయ్యాక నాలుగు వానలు గట్టిగా పడితే చాలు, చేలు మునిగిపోతాయి. పోయిన నెల దాని మీద వెటకారంగా రాశాను. 'మా ఊళ్లో కొత్త పార్కు, ప్రవేశం ఉచితం, కప్పలకు ప్రత్యేక బెంచీలు, గౌరవ తోటమాలి మన లస్కరు గారు' అని. ఊరంతా ఒకటే నవ్వు. డ్రెయిన్ మాత్రం అలాగే ఉంది. లస్కరంటే కాలువలు, డ్రెయిన్ల గట్లు చూసుకునే చిన్న ఉద్యోగి. ఆయనబ్బాయి నా క్లాస్‌మేటు, ఇప్పుడు ఎదురుపడితే తల తిప్పుకుంటున్నాడు. మా నాన్నగారేమో 'కాస్త ఆశ పుట్టేలా రాయరా' అంటారు. అలా రాస్తే భజన చేసినట్టుండదాండి?
(పేరు వద్దన్న పాఠకుడు)

జవాబు: బాబూ, కప్పల బెంచీల దగ్గర నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. ఆయ్ అంటూనే ఎదుటివాడి గాలి తీసేసే జనం మనం. వెటకారం మానేయమని చెప్పను, చెప్పినా మీరు మానరు.

కానీ మీ పేరా రెండోసారి చదివితే ఒకటి కనిపించింది. అందులో డ్రెయిన్ పేరే లేదు. ఏ వంతెన దగ్గర మూసుకుపోయిందో, ఎంత మేర మూసుకుపోయిందో, ఎన్ని ఎకరాలు మునుగుతున్నాయో, తీయించాల్సింది ఎవరో, ఎప్పటిలోగా తీయాలో ఏదీ లేదు. డ్రెయిన్ల ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు అది చదివితే ఏం చేస్తారు? నవ్వి, ఇంట్లో వాళ్లక్కూడా చదివి వినిపిస్తారు. ఆయన జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న ఒక్కటీ మీరు అడగలేదు కదా. చూడ్డానికి ఏకిపారేసినట్టుంది గానీ అసలువాళ్లని హాయిగా వదిలేశారు. మరి దొరికిందెవరు? లస్కరు. ఆయన దగ్గర పొక్లెయిన్ ఉందా, బిల్లు మీద సంతకం పెట్టే కలముందా? గట్టు మీద రోజూ కనిపించే మనిషి ఆయనొక్కరే కాబట్టి జోకు ఆయన మీద పడింది.

ఈ తప్పు మీకంటే ముందు నేను చేశాను. చాలా ఏళ్ల కిందట మా ఊరి మంచినీళ్ల చెరువు పాకుడు పట్టి పచ్చగా అయిపోతే, 'ఊరందరికీ ఉచితంగా ఆకుకూర జ్యూసు' అని ఒక చిన్న పత్రికలో రాశాను. వారం రోజులు టీకొట్టు దగ్గర నేనే హీరోని. ఆ వారంలోనే పంపు దగ్గర పనిచేసే ఆయన మా వీధిలోంచి వెళ్లడం మానేశాడు. తర్వాత తెలిసింది, ఆయనకి నెలల తరబడి జీతం రాలేదట, బ్లీచింగ్ పౌడరు కూడా ఇవ్వలేదట. ఈ రెండూ రాయాల్సిన వార్తలు. నేను జ్యూసు రాశాను.

మరుసటేడు ఇంకోలా రాశాను, అందులో గొప్పేమీ లేదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కదా, ఆలోపు చెరువులు నింపుకోవాలి. 'కాలువ కట్టేయడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది, చెరువులోకి నీళ్లొచ్చే తూము ముందు మట్టి పేరుకుంది, పదిమంది పారలు పట్టుకుంటే ఒక పూట పని' అని రాశానంతే. ఎవరూ నవ్వలేదు, టీకొట్టులో ఎవరూ చదివి వినిపించలేదు. ఆదివారం పొద్దున్న ఎనిమిదిమంది వచ్చారు, వాళ్లలో పంపాయన ఉన్నాడు. చెరువు ముప్పావు వంతే నిండింది, మే నెలలో మళ్లీ ట్యాంకర్ల కోసం చూడక తప్పలేదు, అది వేరే సంగతి. కానీ ఆ ఏడు నీళ్లు పచ్చగా లేవు.

మీ నాన్నగారు ఆశ అంటున్నది ఇలాంటిదేననుకుంటాను. అంతా బాగుందని రాయమని కాదు కదా ఆయన అంటున్నది, చేలు మునుగుతుంటే ఏ రైతు అలా అంటాడు? ఇంకా చేయడానికి ఏదో ఉంది అనిపించేలా రాయమంటున్నారు. అలా రాయడం వెటకారం కంటే కష్టం, ఎందుకంటే ముందు డ్రెయిన్ వెంబడి నడవాలి.

ఒకసారి నడవండి. మన డెల్టా నేల చదును, డ్రెయిన్‌కి వాలు చాలా తక్కువ, చివర సముద్రం పోటు మీదుంటే నీళ్లు వెనక్కి తంతాయి. అందుకే ఎక్కడో ఒక చోట తూడు అడ్డం పడినా పైనున్న చేలన్నీ నిలవనీళ్లలో ఉంటాయి. అంటే మీ ఊరి దగ్గర ఎంత శుభ్రం చేసినా దిగువ ఊరి వంతెన కింద కిక్కిస పేరుకుని ఉంటే ఫలితం సగమే. మీ పేజీలో దిగువ ఊరి సంగతి కూడా రావాలి, వాళ్లని తిట్టకుండా. ఇక గుర్రపుడెక్క దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క, వాతావరణం కలిసొస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. తీసినదాన్ని గట్టు వాలులోనే పడేసి పోతే పెద్ద వాన రాగానే మళ్లీ నీళ్లలోకే జారుతుంది. ఇది ఊళ్లో ప్రతివాళ్లకీ తెలుసు, అచ్చులో మాత్రం ఎవరూ పెట్టరు. మీరు పెట్టండి. పోయినేడు ఆ పనికి అంచనా ఎంత, బిల్లు ఎంత అయిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి, మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ జవాబు ఉన్నదున్నట్టు వేయండి, పక్కన డ్రెయిన్ ఫోటో వేయండి. అంతకంటే ఘాటైన వెటకారం మీరూ రాయలేరు, నేనూ రాయలేను.

మనవాళ్లకి ఇంకో అలవాటుంది. ఏం అడిగినా 'కాటన్ దొర మళ్లీ పుట్టాలండి' అంటారు. వినడానికి భక్తిలా ఉంటుంది గానీ మనవల్ల కాదని చేతులు దులుపుకోవడమే అది. ఆయన కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట కూడా 1847లో మొదలుపెడితే 1852కి గానీ పూర్తికాలేదు, అదీ వేలమంది కూలీలు రాళ్లు మోస్తే.

వెటకారం అసలు పనికిరాదా అంటే, రాజమండ్రి మనిషి వీరేశలింగం గారున్నారుగా. 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి లంచగొండులనీ ఊరి పెద్దమనుషులనీ ఎంత ఎగతాళి చేశారో! కానీ అదే ఏడు ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టారు, 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆయన ఎగతాళికి విలువ వచ్చింది ఆ పనుల వల్లేనని నా నమ్మకం. బడి లేకుండా ప్రహసనాలు మాత్రమే రాసి ఉంటే ఇంకో చమత్కారి అనుకుని మర్చిపోయేవాళ్లం.

మీ కోనసీమ రైతులే 2011లో సార్వా వేయకుండా పంట విరామం పాటించారు, గుర్తుందా? మీరప్పటికి చిన్నపిల్లాడు. ధర దగ్గర్నుంచి డ్రెయిన్ల దాకా ఏమేం కావాలో విడమరిచి అడిగారు. దాంతో ప్రభుత్వం మోహన్ కందా గారి అధ్యక్షతన కమిటీ వేయాల్సి వచ్చింది. అన్నీ తీరిపోయాయని నేననను, 2022లోనూ మీ వైపు అదే మాట వినిపించింది. అయినా ఆ కోరికల జాబితాని ఎవరూ నవ్వి పక్కన పెట్టలేకపోయారు.

భజన భయం గురించి ఒక్క మాట. అర్ధరాత్రి వానలో ఎవరైనా వెళ్లి డ్రెయిన్ తలుపులు ఎత్తి నీళ్లు వదిలితే ఆ సంగతి రాయడం భజన కాదు, వార్త. వదలకపోతే అదీ వార్తే. రెండూ రాసేవాడి మాటే ఊరు నమ్ముతుంది.

ఇప్పుడు చేయాల్సింది, లస్కరు గారింటికి వెళ్లండి. క్షమాపణ అచ్చేయక్కర్లేదు, అది ఆయన్ని ఇంకోసారి నలుగురిలో నిలబెట్టినట్టవుతుంది. వాళ్లబ్బాయిని తీసుకుని వెళ్లి కూర్చుని, డ్రెయిన్ ఎక్కడ పూడింది, ఏ మలుపులో ఎవరు ఆక్రమించారు, ఏ రొయ్యల చెరువు నీళ్లు ఎటు వదులుతున్నారు అని అడగండి. ఆయనకి తెలిసినంత మీ ఊళ్లో ఎవరికీ తెలియదు. వచ్చే నెల పేజీ అక్కడే సగం తయారవుతుంది. కప్పల బెంచీలు కూడా ఓ మూల ఉంచుకోండి, ఈసారి వాటి మీద మిమ్మల్నే కూర్చోబెట్టుకోండి.

ప్రశ్న: మా వీధి మలుపులో అందరూ చెత్త తెచ్చి కాలువలోకి విసిరేస్తున్నారు. మావారు 'ఇక్కడ చెత్త వేయువారు గాడిదలు' అని బొమ్మతో సహా బోర్డు రాయించారు. చెత్త ఇంకా పెరిగింది. ఇంకేం రాయించమంటారు?
(ఒక గృహిణి, భీమవరం)

జవాబు: గాడిద అని రాస్తే చదివిన ప్రతివాళ్లూ అది పక్కింటివాళ్ల గురించే అనుకుంటారమ్మా. దాని కింద 'చెత్త బండి పొద్దున్న ఇన్నింటికి వస్తుంది, రాకపోతే ఈ నంబరుకి ఫోన్ చేయండి' అని రాయించండి. బండి నిజంగా వస్తుందో లేదో ఓ వారం మీరే చూసి, ఆ తర్వాత రాయించండి, లేకపోతే గాడిద మనమే అవుతాం. బొమ్మ బాగా కుదిరితే మాత్రం చెరిపించకండి, నాకో ఫోటో పంపండి.