రివెట్ కొట్టాక రేకుల మధ్య సందు: కారణం లోపలి బర్

సందులోకి రివెట్ ఉబ్బుతోందంటే, రెండు రేకులూ ఆనుకోకముందే కొట్టేస్తున్నారన్నమాట. చాలావరకు కారణం లోపలి బర్, అంటే డ్రిల్ చేసినప్పుడు రంధ్రం అంచున లేచే గరుకు లోహం. రేకులు కలిపి డ్రిల్ చేస్తే వాటి మధ్యే అంచు లేస్తుంది, చిప్స్ (డ్రిల్ చేసిన లోహపు తునకలు) ఇరుక్కుంటాయి. పైనుంచి ఏమీ కనబడదు.

1. క్లీకోలు (రేకుల్ని తాత్కాలికంగా కలిపి పట్టే క్లిప్పులు) తీసి రేకులు పూర్తిగా విడదీయండి. అందరూ వదిలేసేది ఇదే.
2. ప్రతి రంధ్రానికీ రెండు వైపులా డీబర్ చేయండి, అంటే ఆ బర్ తీసేయండి. టూల్‌ను తేలిగ్గా ఒకటి రెండు సార్లు తిప్పితే చాలు, గోటికి గరుకు తగలకూడదు. ఎక్కువ తిప్పితే అంచు గుంటపడుతుంది, రివెట్ అందులోకీ ఉబ్బుతుంది. పల్చటి రేకుల్లో దయచేసి తొందరపడకండి.
3. చిప్స్ తుడిచి, కొట్టే రంధ్రానికి అటూ ఇటూ క్లీకోలు పెట్టండి.
4. 1/8 అంగుళం రివెట్ అయితే కొట్టేముందు దాని కాడ రేకుల అవతల దాదాపు 3/16 అంగుళం బయటికి ఉండాలి.

సందు ఉన్నవాటిని ఇంకా కొట్టి సరిచేయాలని చూడకండి. డ్రిల్ చేసి తీసేయండి.