అంబులెన్స్‌కి 26 వేలు, బీమా నుంచి 1,900

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. అమ్మకి 67 ఏళ్లు. ఊపిరి అందకపోతే ప్రైవేటు అంబులెన్స్‌లో ఇక్కడి ఆసుపత్రిలో చేర్చాం, 2,500 తీసుకున్నారు. రెండు రోజులయ్యాక హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. వెంటిలేటర్ ఉన్న బండికి 26,000 అయింది. 5 లక్షల ఆరోగ్య సంజీవని పాలసీ ఉంది. రెండు ఆసుపత్రుల బిల్లులూ క్యాష్‌లెస్‌లో అయిపోయాయి. హైదరాబాద్ అంబులెన్స్‌ బిల్లు పెడితే మాత్రం 1,900 వేశారు. గుంటూరులో డిశ్చార్జి అయి మూడు వారాలైంది. మిగతా డబ్బు ఎలా రాబట్టుకోవాలి?

జవాబు: అమ్మగారు ఆ గండం దాటారు, అదే పెద్ద విషయం. డబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ 26 వేలల్లో ఇక పైసా రాదు. ఆరోగ్య సంజీవనిలో అంబులెన్స్‌కి ఒక్కో అడ్మిషన్‌కి 2,000 వరకే ఇస్తారు. ఆ పాలసీలో ప్రతి క్లెయిమ్ మీదా 5 శాతం మనమే పెట్టుకోవాలి. అది తీసేస్తే 1,900. కంపెనీ లెక్క సరిగానే ఉంది, దీని మీద పోట్లాడి ఓపిక పోగొట్టుకోకండి.

మీరు వదిలేసింది ఇంకోటుంది. పరిమితి 'ఒక్కో అడ్మిషన్‌కి' అన్నాను కదా. గుంటూరు అడ్మిషన్ వేరు, హైదరాబాద్ అడ్మిషన్ వేరు. ఇంటి నుంచి గుంటూరు ఆసుపత్రికి వెళ్లిన 2,500కి మీరు క్లెయిమే పెట్టలేదు. పెడితే ఇంకో 1,900 రావాలి. రసీదు తీసుకుని ఉండరు, ఆ టెన్షన్‌లో ఎవరికి గుర్తుంటుంది! ఆ బండి ఓనర్‌కి ఫోన్ చేసి పేషెంట్ పేరు, తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, బండి నంబరు, తీసుకున్న మొత్తం రాసి సంతకం పెట్టిన బిల్లు అడగండి. ఫోన్‌పేలో కట్టి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ కూడా జత చేయండి. పేషెంట్‌ని తీసుకెళ్లే అంబులెన్స్ సేవకి జీఎస్టీ లేదు, ఆ పేరుతో అదనంగా అడిగితే ఒప్పుకోకండి.

బీమా కంపెనీ కాదంటే కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి, బీమా నియంత్రణ సంస్థ నడిపే ఫిర్యాదుల సైటు 'బీమా భరోసా'లో కూడా పెట్టవచ్చు. నెలలో తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.

ప్రభుత్వం ఈ రేట్లు అదుపు చేయదా అని మీకు అనిపించే ఉంటుంది. బండి ఎలా ఉండాలో ఏఐఎస్-125 అనే జాతీయ ప్రమాణం చెబుతుంది. అందులో 'బి' రకం పేషెంట్‌ని తీసుకెళ్లడానికే, 'సి'లో ప్రాథమిక ప్రాణరక్షణ పరికరాలు ఉంటాయి, 'డి' అంటే ఐసీయూ లాంటిది. ధర గురించి అందులో ఏమీ ఉండదు. కోవిడ్ రోజుల్లో, 2020 సెప్టెంబరులో, రాష్ట్రాలు సహేతుకమైన ఛార్జీలు నిర్ణయించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా అర్ధరాత్రి ఆసుపత్రి గేటు దగ్గర బేరం మన మీదే పడుతోంది, నాకు చాలా బాధ కలిగించే విషయమిది. అందుకే ఏ రకం బండి అవసరమో డాక్టర్ చేత రిఫరల్ లెటర్‌లో రాయించుకోండి. 'బి' సరిపోయే చోట 'డి'కి కట్టకుండా ఉంటారు. ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే ముందు 108కి చేయండి. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ సేవ ఇప్పటికీ ఉచితమే. కాకపోతే మనం కోరిన ఆసుపత్రికి, కోరిన ఊరికి తీసుకెళ్లే బండి కాదది.

ఈ ఒక్క కారణంతో పాలసీ మార్చకండి. 67 ఏళ్ల వయసులో, ఇప్పుడే ఊపిరి సమస్య వచ్చాక, కొత్త కంపెనీ తీసుకోకపోవచ్చు. దాని బదులు ఓ 50 వేలు మీరూ అమ్మగారూ కలిసి తెరిచి, ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే తీయగలిగే సేవింగ్స్ ఖాతాలో విడిగా ఉంచండి. ప్రైవేటు అంబులెన్స్ వాళ్లు బండి కదలకముందే డబ్బు అడుగుతారు. అప్పుడు ఎఫ్‌డీల్లోని డబ్బు వెంటనే చేతికి రాకపోవచ్చు.

క్లెయిమ్ కాగితాలకు డిశ్చార్జి నుంచి 30 రోజుల గడువు. మీకు ఇంకా తొమ్మిది రోజులే ఉంది, ఆ ఓనర్‌కి ఈరోజే ఫోన్ చేయండి.