టికెట్ కొనేముందు రోజులు లెక్కపెట్టు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

డాలస్ వదిలేసి రాజమండ్రి వచ్చేస్తున్నావని అక్క ఫోన్లో చెప్పింది. సంతోషంతో మాట పెగల్లేదు పాపం. వినాయక చవితికల్లా నువ్వు ఇంట్లో ఉండాలంటోంది. తల్లి మనసు, కాదనలేను. అయినా ఆ టికెట్ ఒక్క వారం ఆపు. పాస్‌పోర్టు ముందు పెట్టుకుని ఈ ఉత్తరం చదువు.

మన దేశంలో పన్ను చూసేది పౌరసత్వాన్ని కాదు, ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా నువ్విక్కడ ఎన్ని రోజులున్నావన్నది. 182 రోజులు నిండితే రెసిడెంట్‌వి, అంటే పన్ను లెక్కలో ఇక్కడి నివాసివి. అంతకుముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడ గడిపినవాళ్లకి 60 రోజులకే ఆ ముద్ర పడుతుంది గానీ, నువ్వు అన్ని రోజులు లేవు. రెసిడెంట్ అయినంత మాత్రాన అమెరికా ఆదాయం మీద ఇక్కడ వెంటనే పన్ను పడదు. ఏళ్ల తరబడి బయట ఉండి వచ్చినవాళ్లకి కొంత వెసులుబాటు ఉంది, ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంట్ బట్ నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్) అంటారు. గడిచిన పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్‌వైనా, లేదా గడిచిన ఏడేళ్లలో ఇక్కడున్న రోజులు 729 దాటకపోయినా ఆ హోదా వస్తుంది. అది ఉన్నన్నాళ్లూ అక్కడి వడ్డీ, అక్కడి షేర్లు అమ్మిన లాభం మన పన్నులోకి రావు. కాకపోతే ఆ డబ్బు ముందు అక్కడి ఖాతాలోనే పడాలి. నేరుగా ఇక్కడి బ్యాంకులో పడిందా, ఇక్కడ అందుకున్న ఆదాయమే అవుతుంది.

ఇక నీ లెక్క. సెప్టెంబరు 14న దిగితే మార్చి ఆఖరుకి 199 రోజులు. మేలో పెళ్లికి వచ్చి ఉన్న 18 కలిపితే 217. రెసిడెంట్‌వే. ఆ ఏడూ, మరుసటి ఏడూ ఆర్‌ఎన్‌ఓఆర్ ఎలాగూ వస్తుంది. తేడా వచ్చేది మూడో ఏట. అప్పటికి రెండేళ్లు రెసిడెంట్‌వి కాబట్టి పదేళ్ల లెక్క కుదరదు, మిగిలేది 729 రోజుల లెక్కే. అప్పటికి ఈ 217, ఆ మీద పూర్తి ఏడాది 365 కలిపి 582. దానికి ముందు అయిదేళ్లలో మీ నాన్న ఆపరేషన్‌కి 100 రోజులున్నావు, మిగతా సెలవులు ఓ 80 అనుకో. మొత్తం 762. 729 దాటింది, మూడో ఏట వెసులుబాటు పోయింది. అదే అక్టోబరు 20న గానీ ఆ తర్వాత గానీ దిగావనుకో, ఈ ఏడాదికి నాన్ రెసిడెంట్‌గానే మిగులుతావు, ఆ తర్వాత రెండేళ్లూ పదేళ్ల లెక్క మీదే వెసులుబాటు దక్కుతుంది. ఒక్కరోజు ముందు దిగినా 182 నిండిపోతాయి, జాగ్రత్త. దీపావళికి రమ్మని అక్కకి నేను నచ్చజెప్తాను.

మీ ఆవిడ, పిల్లలు బడి తెరిచే జూన్‌కే వచ్చేస్తే రానీ. తన రోజులు తనవి, నీ రోజులు నీవి. తన పేరున అక్కడ ఏమేం ఉన్నాయో మాత్రం విడిగా రాసి పెట్టండి.

నేను చేసిన తప్పు నువ్వు చేయకు. తిరిగొచ్చాక రెండేళ్లపాటు నా ఎన్‌ఆర్‌ఈ (బయటి దేశంలో ఉండేవాళ్లు ఇక్కడి బ్యాంకులో రూపాయల్లో దాచుకునే) ఫిక్స్‌డ్ డిపాజిట్లు అలాగే ఉంచేశాను. బ్యాంకులో అడిగితే గడువు దాకా ఏం కాదన్నారు, నమ్మాను. స్థిరపడాలని వచ్చిన రోజు నుంచే ఆ వడ్డీకి పన్ను మినహాయింపు పోతుందని ఆడిటర్ చెప్పేదాకా నాకు తెలియదు. పన్ను, దాని మీద వడ్డీ కట్టిన నాడు మీ అత్తయ్య ముఖం చూడలేకపోయాను. నువ్వు దిగిన వారంలోనే బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పు. రూపాయలు రెసిడెంట్ ఖాతాకి మార్చు. డాలర్లుగానే ఉంచాలంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా (తిరిగొచ్చినవాళ్లు ఇక్కడి బ్యాంకులో విదేశీ డబ్బు ఉంచుకునేది) తెరువు, ఆర్‌ఎన్‌ఓఆర్‌గా ఉన్నంతకాలం దాని వడ్డీకీ పన్ను లేదు.

అమ్మదలచిన షేర్లుంటే ఈ రెండేళ్లలోనే ఆలోచించుకో. పూర్తి రెసిడెంట్‌వి అయ్యాక అక్కడి ప్రతి ఖాతా, ప్రతి షేరు రిటర్నులో విదేశీ ఆస్తుల షెడ్యూల్లో చూపించాలి. పన్ను కట్టాల్సింది ఏమీ లేకపోయినా సరే, చూపించాలి. దాచితే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా. స్థిరాస్తి కాక మిగతావన్నీ కలిపి 20 లక్షల లోపుంటే ఆ జరిమానా లేకుండా 2024 అక్టోబరు నుంచి సడలించారు. ఆ ధీమాతో చూపించడం మానేయకు.

401కె ఖాతాని, అదే అక్కడి ఉద్యోగంలో రిటైర్మెంట్ కోసం దాచుకున్నదాన్ని, తొందరపడి ఖాళీ చేయకు. డబ్బు తీసుకున్నప్పుడే ఇక్కడా పన్ను పడేలా ఎంచుకోవచ్చు. పాత చట్టంలో 89ఎ సెక్షన్, 10ఈఈ ఫారం. రిటర్ను గడువులోపే ఆ ఫారం వేయాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి నంబర్లు మారతాయి, ఆడిటర్ని కొత్తవే అడుగు.

గ్రీన్‌కార్డు చేతిలో ఉన్నంతకాలం అక్కడి రిటర్నూ తప్పదు. ఇక్కడి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజు 10,000 డాలర్లు దాటినా ఎఫ్‌బార్ వేయాలి, అంటే ఆ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి తెలపాలి. ఇక్కడి మ్యూచువల్ ఫండ్ల జోలికి ఆ కార్డు ఉన్నన్నాళ్లూ పోకు, అమెరికా లెక్కల్లో వాటికి పన్ను ఘోరంగా ఉంటుంది.

పాస్‌పోర్టులో ముద్రలున్న పేజీలన్నీ ఫోటో తీసి పంపు, పాత పాస్‌పోర్టువి కూడా. నేను సుమారుగా వేసిన ఆ 80 రోజులు అసలెన్నో తేల్చాలి. ఆదివారం పొద్దున్నే ఫోన్ చెయ్, ఇద్దరం కూర్చుని లెక్క చూద్దాం.

మీ మావయ్య