చేపలకంటే ముందు నీళ్లు

చిన్నీ,

పెదనాన్న ఆశీస్సులు. గప్పీ చేపలు పెంచుతానన్నావు, చాలా సంతోషమేసింది. కానీ ఈ ఆదివారమే తొట్టీ చేపలూ కలిపి కొనేస్తానన్నావు చూడు, అది మాత్రం వద్దు.

గుండ్రటి గాజు గిన్నె జోలికి పోకు. రెండడుగుల తొట్టి, గాలి మోటారుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ చాలు. నీళ్లు పోసి, రోజూ చిటికెడు మేత వేస్తూ నాలుగైదు వారాలు చేపలు లేకుండానే నడిపించు. ఆ మేత కుళ్లి, చేపలకు విషమైన అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైట్‌గానూ (అదీ విషమే), ఆపైన అంత హాని చేయని నైట్రేట్‌గానూ మార్చే బ్యాక్టీరియా స్పాంజిలో కుదురుకోవడానికి ఆ మాత్రం సమయం కావాలి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాకే చేపలు. స్పాంజి మురికి పడితే కుళాయి కింద కడగొద్దు, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండు.

మీ కూకట్‌పల్లి ఫ్లాట్‌లో మంజీర నీళ్లు, బోరు నీళ్లు రెండూ వస్తాయిగా. శుభ్రమని ఆర్వో నీళ్లు మాత్రం పోయకు. అందులో లవణాలు దాదాపు ఉండవు, గప్పీలకేమో లవణాలున్న గట్టి నీళ్లే (హార్డ్ వాటర్) పడతాయి. పీహెచ్ 7, 8 మధ్య ఉంటే చాలు. కుళాయి నీళ్లకు యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పనిసరి. వారానికోసారి పావు వంతు మార్చు. ఎండాకాలంలో నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు మూత తీసి వల కప్పి, నీటి మీదికి ఫ్యాన్ తిప్పు.

మగవాటి తోకలు చూసి అవే ఎక్కువ కొనాలనిపిస్తుంది. అలా చేస్తే ఆడవాటిని తరిమి తరిమి చంపేస్తాయి. ఒక మగకు రెండు మూడు ఆడ చేపలుండాలి. ఇంకో సంగతి, షాపులో కొన్న ఆడ చేప అప్పటికే కడుపుతో ఉంటుందనుకో. ఒకసారి జతకట్టాక వీర్యాన్ని నెలల తరబడి దాచుకుంటుంది. అందుకే మొదటి కాన్పుల రంగులు నీ మగవాటివి కాకపోవచ్చు.

కాన్పు దాదాపు నెలకోసారి. తోక మొదట్లో, పొట్ట కింద మచ్చ నల్లబడి, పొట్ట గుండ్రంగా కాక నలుచదరంగా కనిపిస్తే రోజులు దగ్గరపడ్డట్టే. బాగా దగ్గరగా చూస్తే ఆ మచ్చలో పిల్లల కళ్లు చుక్కల్లా కనిపిస్తాయి. ముడుచుకుని బయటపడిన పిల్ల క్షణంలో విప్పుకుని ఈదుతూ మొక్కల్లోకి దూరుతుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆ సమయంలో తల్లిని చిన్న డబ్బాలో బంధిస్తే దానికి టెన్షన్ తప్ప లాభం లేదు. జావా మాస్, హార్న్‌వర్ట్ అనే నీటి మొక్కలు దట్టంగా పెంచు. తల్లే పిల్లల్ని తినేస్తుంది, మొక్కలే వాటికి దిక్కు.

పిల్లలకు రోజుకు మూడు నాలుగు సార్లు పొడిచేసిన మేత కొంచెం కొంచెంగా వెయ్యి. ఉప్పు నీళ్లలో పొదిగించిన ఆర్టీమియా (బుల్లి రొయ్యల్లాంటి జీవుల పిల్లలు) దొరికితే ఎదుగుదల ఇంకా బాగుంటుంది. మూడు నాలుగు వారాలకు మగపిల్లల కింది రెక్క సన్నని పుల్లలా మారుతుంది, ఆడవాటిది విసనకర్రలాగే ఉంటుంది. అప్పుడే వేరు చేస్తే నీకు నచ్చిన జతలే కట్టించుకోవచ్చు.

పిల్లలు ఎక్కువైతే స్నేహితులకివ్వు, లేదా షాపువాణ్ణి తీసుకోమను. చెరువులో మాత్రం వదలకు. ఇవి దక్షిణ అమెరికా చేపలు, మన నీళ్లలో పడితే వేగంగా పెరిగి మన చిన్న చేపల తిండికి పోటీ వస్తాయి.

మీ పెదనాన్న