డన్ లైటు వెలిగినా జింక్-7000 బోర్డు మొదటి రీడ్ దగ్గరే ఆగిపోతుంటే

జింక్-7000 అంటే ఏఆర్ఎం ప్రాసెసర్, మనం సర్క్యూట్ రాసుకునే ఎఫ్‌పీజీఏ రెండూ ఉన్న చిప్. మీ బిట్ ఫైలుది (ఎఫ్‌పీజీఏలోకి ఎక్కించే సర్క్యూట్ ఫైలు) తప్పు కాకపోవచ్చు, ఆ రెండు వైపులకీ మధ్య సిగ్నల్స్ దాటించే లెవెల్ షిఫ్టర్లు ఆన్ అయి ఉండవు. జేట్యాగ్‌తో (డీబగ్ కేబుల్‌తో) బిట్ ఎక్కించారు, బిట్ ఎక్కిందని చెప్పే డన్ లైటు వెలిగింది, కానీ పల్స్ కౌంటర్ రిజిస్టర్‌ని చదివే లైను దగ్గర ప్రోగ్రాం బిగుసుకుపోయింది అన్నారు కదా. ఎర్రర్ కూడా రాదు, అవతలి నుంచి జవాబు వచ్చేదాకా ప్రాసెసర్ అలా కాచుకుని కూర్చుంటుంది.

ఈ వరుసలోనే నడపండి:

1. పీఎస్7 ఇనిట్ (ప్రాసెసర్ వైపు క్లాకులు, మెమరీ సిద్ధం చేసేది)
2. బిట్ ఫైలు
3. పీఎస్7 పోస్ట్ కాన్ఫిగ్. అందరూ మరిచిపోయేది ఇదే. షిఫ్టర్లు ఆన్ చేసి, ఎఫ్‌పీజీఏ వైపు రీసెట్లు వదిలేది ఇది. బిట్ ఎక్కాకే నడపాలి.
4. ఆ తర్వాతే మీ ఈఎల్ఎఫ్ (కంపైల్ అయిన ప్రోగ్రాం ఫైలు)

పని అయిందో లేదో చూడాలంటే డీబగ్గర్‌లో లెవెల్ షిఫ్టర్ ఎనేబుల్ రిజిస్టర్ చదవండి, కింది 4 బిట్లూ 1 ఉండాలి. సున్నా కనిపించిందా, దొంగ దొరికినట్టే. శ్రీకాకుళంలో ఒక రైస్ మిల్లు పానెల్ చేస్తూ ఇది తెలియక నేను రెండు రాత్రులు వెరిలాగ్ (ఎఫ్‌పీజీఏ సర్క్యూట్ కోడు) తిరగరాశాను, అందులో తప్పే లేదు!

అప్పటికీ ఆగితే ఏఎక్స్ఐ (రెండు వైపులనీ కలిపే బస్) క్లాక్, రీసెట్ కనెక్షన్లు చూడండి.

ఎస్‌డీ కార్డు నుంచి బూట్ చేసేటప్పుడు ఈ గొడవ లేదు, బూట్ ఫైల్లో ఎఫ్ఎస్‌బీఎల్ (మొదట నడిచే బూట్ ప్రోగ్రాం), బిట్, ఈఎల్ఎఫ్ వరుసగా పెడితే ఎఫ్ఎస్‌బీఎలే చూసుకుంటుంది.

అన్నట్టు, విజయనగరం జూట్ మిల్లు మగ్గం మీది ఎన్‌కోడర్ (తిరిగే కొద్దీ పల్సులిచ్చే సెన్సర్) 24 వోల్టులది అన్నారు, దాన్ని నేరుగా పిన్నుకి కలపకండి, మధ్యలో ఆప్టోకప్లర్ (కాంతితో సిగ్నల్ దాటించే భాగం) పెట్టి ఇటువైపు 3.3 వోల్టులకి దించండి.