ఆ 2 ఎక్కడికి పోయింది?

ప్రశ్న: కాల్షియం అయాన్‌ని సీఏ²⁺ అని రాయమంటారు. తీరా కాల్షియం ఫాస్ఫేట్ ఫార్ములా చూస్తే సీఏ కింద 3 ఉంది. కాల్షియం క్లోరైడ్‌లో సీఏ కింద అసలు ఏ అంకే లేదు. ఆ 2 ఎక్కడికి పోయినట్టు?
– ఒక పదో తరగతి విద్యార్థిని

జవాబు: ఎక్కడికీ పోలేదమ్మా. పైన రాసే అంకె వేరు, కింద రాసే అంకె వేరు.

కాల్షియం పరమాణువులో 20 ఎలక్ట్రాన్లు 2, 8, 8, 2గా సర్దుకుని ఉంటాయి. చివరి రెండూ వదిలేస్తే ఆర్గాన్‌లో మాదిరే 18 మిగులుతాయి. ప్రోటాన్లు మాత్రం 20 అలాగే ఉంటాయి కాబట్టి రెండు ప్లస్‌లు తేలతాయి. పై అంకె చెప్పేది ఇదే, ఒక్కో అయాన్ (ఛార్జి ఉన్న పరమాణువు లేదా పరమాణువుల గుంపు) మీద ఎంత ఛార్జి ఉందో. అలాంటి అయాన్లు ఎన్ని కావాలో కింది అంకె చెబుతుంది. ఒకటే అయితే అంకె వేయం. క్లోరైడ్‌కి ఒక్క మైనస్సే కాబట్టి రెండు క్లోరైడ్లు కావాలి: సీఏసీఎల్₂. ప్లస్సూ మైనస్సూ సరిపోయాయి గనక ఫార్ములాలో ఛార్జి గుర్తులు రాయం. అయాన్ల మీద మాత్రం ఉంటాయి.

ఇక ఫాస్ఫేట్, పీఓ₄³⁻. ప్లస్‌లు రెండేసి, మైనస్‌లు మూడేసి. రెండూ కలిసేది ఆరు దగ్గర. అంటే మూడు కాల్షియంలు, రెండు ఫాస్ఫేట్లు: సీఏ₃(పీఓ₄)₂. నీకు కనిపించిన 3 అదే. ఇందులో బ్రాకెట్ మర్చిపోకు. చదువుకునే రోజుల్లో నేను బ్రాకెట్ లేకుండా 4 పక్కనే 2 పెట్టేశాను. మా మాస్టారు పేపరు పైకెత్తి, "నలభై రెండు ఆక్సిజన్లు ఎక్కణ్ణుంచి తెచ్చావురా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఉండాల్సినవి ఎనిమిది.

ఒకదాని ఛార్జి అంకెని రెండోదాని కింద, ఇలా అడ్డంగా మార్చి రాసే చిట్కా నీకూ చెప్పే ఉంటారు. నాకది అంతగా నచ్చదు. ఆక్సైడ్‌కి రెండు మైనస్‌లు కదా, దాన్నే గుడ్డిగా నమ్మితే కాల్షియం ఆక్సైడ్ సీఏ₂ఓ₂ అవుతుంది. రెండుతో కొట్టేసి సీఏఓ అని రాయాలి. అలాగని కనిపించిన 2నల్లా కొట్టేయకూడదు. కాల్షియం కార్బైడ్ సీఏసీ₂లో ఆ 2 కార్బైడ్ అయాన్‌లోదే. రెండు కార్బన్లు జతకట్టి, ఇద్దరి మీదా కలిపి రెండు మైనస్‌లతో ఒకే అయాన్‌గా ఉంటాయి. దానికి ఒక్క కాల్షియం చాలు.