లెక్కలోకి రాని పేపర్లు

చిరంజీవి అమ్మాయికి, బాబాయి ఆశీస్సులు.

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది దొరికిందని, దిగిన వారంలోనే మూడు సంచుల జిరాక్సు నోట్సు కొన్నావని మీ నాన్న చెప్పాడు. నేనూ ఆ వీధుల్లో ఆరేళ్లు తిరిగినవాడినే. ఇక కొనడం ఆపు. ఉన్నవి చదివితే చాలు.

సివిల్స్ అంటే ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ అని నీకు తెలిసిందే. ర్యాంకుకు లెక్కపెట్టేది మెయిన్స్‌లోని ఏడు పేపర్ల 1750 మార్కులు, ఇంటర్వ్యూ 275, మొత్తం 2025. అందరి కళ్లూ ఆ అంకె మీదే. నన్ను ముంచింది మాత్రం ఆ అంకెలో చేరని పేపరు.

ప్రిలిమ్స్‌లో రెండోది, సీశాట్: లెక్కలు, తర్కం, చదివి అర్థం చేసుకోవడం. 2015 నుంచి అందులో 33 శాతం తెచ్చుకుంటే చాలు. అంటే 200కు 66. ఇంజనీరింగ్ చదివినవాడిని, దీనికి వేరే తయారీ ఎందుకులే అనుకున్నాను. ఆ మరుసటి ఏడాది మొదటి పేపరు చక్కగా రాశాను. మధ్యాహ్నం సీశాట్‌లో 80 ప్రశ్నలు. ఒప్పుకు రెండున్నర మార్కులు, తప్పుకు అందులో మూడో వంతు కోత. నాకు 27 ఒప్పులు పడ్డాయి. అక్కడితో పెన్ను మూసి ఉంటే 67.5తో గట్టెక్కేవాడిని. చివరి పది నిమిషాల్లో ఊహించి మరో ఐదు గుర్తించాను. ఐదూ తప్పే. 63 దగ్గర ఆగిపోయాను. అది నా చివరి ప్రయత్నం. ఆ ఐదు వృత్తాలు దిద్దిన చేయి మీద నాకు ఇప్పటికీ కోపమే. అందుకే వారానికి ఒక పాత సీశాట్ పేపరు గడియారం పెట్టుకుని రాయి.

మెయిన్స్‌లోనూ ఇలాంటివి రెండున్నాయి: ఇంగ్లీషు, ఒక భారతీయ భాష. ఒక్కొక్కటి 300కు, 25 శాతం చాలు. ఏ ఒక్కదానిలో అది రాకపోయినా మిగతా ఏడు పేపర్లను లెక్కలోకి తీసుకోరు. ఇంగ్లీషుకు నీకు భయం లేదు. తెలుగు సంగతే నా బెంగ. నువ్వు నాకు పంపే సందేశాల్లో మాటలు తెలుగువే కానీ అక్షరాలు ఇంగ్లీషువి. అక్కడేమో 100 మార్కులకు వ్యాసం రాయాలి, ఒక భాగాన్ని మూడో వంతుకు కుదించాలి, అనువాదం, వ్యాకరణం కూడా ఉంటాయి. మాట్లాడటం వచ్చు కదా అనుకుంటే, పరీక్ష హాల్లో 'ప్రభుత్వం' దగ్గరే చేయి ఆగుతుంది.

మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి మూడు పేపర్లలో ఒక్కోదానికి మూడు గంటల్లో ఇరవై జవాబులు, అంటే జవాబుకు తొమ్మిది నిమిషాలు. చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చుని చదవడంతో సరిపెట్టక రోజుకు రెండు జవాబులు రాయి. ఆప్షనల్‌కు, అంటే మనం ఎంచుకునే సబ్జెక్టుకు, రెండు పేపర్లు కలిపి 500 మార్కులు. పక్క గది వాళ్లంతా ఆంత్రోపాలజీ అంటున్నారని అటు దూకకు. పాఠ్య ప్రణాళిక, నాలుగేళ్ల పాత ప్రశ్నలు ముందు పెట్టుకుని చూడు. విసుగు పుట్టనిదే నీ సబ్జెక్టు. ఇంటర్వ్యూ మాట మెయిన్స్ అయ్యాక.

ఈ ఉత్తరానికి జవాబు తెలుగులో, చేత్తో, రెండు పేజీలు రాయి. ఫోటో తీసి ఫోనులో పంపినా సరే, ఒత్తులు నేను దిద్దుతాను.

మీ బాబాయి